సగం మాస్టారి పూర్తి ఫీజు

సగం మాస్టారు ఏ పనీ పూర్తిగా చేసిన పాపాన పోలేదు. టీ సగం తాగి గ్లాసు పక్కన పెట్టేస్తారు. పేపరు సగం చదివి మడిచేస్తారు. జోకు సగం చెప్పి తనే పగలబడి నవ్వుతారు. మిగతా సగం ఏమిటని అడిగితే, "నేను నవ్వేశాగా, ఇంకెందుకు లెండి" అంటారు. ముప్పై ఎనిమిదేళ్లు దర్జీ పని చేశారు. ఎవరు దుకాణం గడప తొక్కి "నా బట్టలు అయ్యాయా?" అన్నా ఒకటే జవాబు: "సగం అయిపోయిందండీ!" ఓ పెళ్లికొడుకు పెళ్లినాడు పొద్దున్నే పరిగెత్తుకొచ్చినా అదే జవాబు. పాపం, అతను పెళ్లిలో కోటు గుండీలు పెట్టుకోకుండానే నిలబడ్డాడట. పేరు అలా పడింది. అసలు పేరు చెప్పి అడిగితే పక్కింటివాళ్లు కూడా తెల్లమొహం వేస్తారు.

అలాంటి మనిషి దుకాణం మూసేసిన మూడేళ్లకి, ఓ పొద్దున, కళ్లజోళ్ల దుకాణం పక్కనున్న మెట్లెక్కి టీచరు గదిలోకి వచ్చారు.

టీచరు నేర్పేది వ్యాయామం. మేడ మీద ఒక్కటే గది. ఒక గోడంతా అద్దం. తొమ్మిది చాపలు, వినీ వినపడని సంగీతం, క్లాసు అయ్యాక మనిషికో తువ్వాలు. చల్లగా, తడిగా, నిమ్మ వాసన వేస్తూ ఉంటుంది. ఒక్కొక్కరి ఒళ్లు చూసి, వాళ్లకి తగ్గట్టు విడిగా నేర్పుతానని బోర్డు మీద రాయించింది. ఫీజు మాత్రం బోర్డు మీద రాయించలేదు. విన్నవాళ్లు ఎక్కిన మెట్లు దిగి, ఇవాళ్టికి ఈ వ్యాయామం చాలనుకుని వెళ్లిపోయేవారు.

"ఒంగి లేవడానికి అంత డబ్బెవరిస్తారే?" అని ఆమె అక్కయ్య రోజూ ఫోను చేసేది. "వాళ్లని మా ఇంటికి పంపు. నాలుగు గదులు ఊడ్పించి ఊరికే ఒళ్లు తగ్గిస్తాను. నువ్వు మాత్రం మా ఆఫీసులో చేరు. ఖాళీ వచ్చే నెలాఖరు దాకే ఉంటుంది."

టీచరుకి కోపం వచ్చేది గానీ, అక్కయ్య మాట ముల్లులా లోపలే ఉండిపోయేది. తొమ్మిది చాపల్లో నిండేవి ఐదు. అందులోనూ పళ్ల డాక్టరు క్లాసు సగంలో ఫోనొచ్చిందని వెళ్లిపోతాడు. తను నేర్పేదాంట్లో నిజంగా సరుకుందా, లేక తువ్వాలు చూపించి డబ్బు గుంజుతోందా? ఈ ప్రశ్నకి ఆలోగా జవాబు దొరకాలి. లేకపోతే గదికి తాళమే.

"ఫీజు సగం తీసుకోండమ్మా," అన్నారు మాస్టారు, కూర్చోకుండానే.

"ఎందుకండీ?"

"సగం ఒళ్లే తెచ్చాను."

"మిగతా సగం?"

"ఇంట్లో ఉంది."

టీచరు నవ్వాపుకుంది. "ఇక్కడ సగాలు లేవు మాస్టారూ. మనిషికింతని."

మాస్టారు నిట్టూర్చి, జేబులోంచి నోట్లు తీసి మొత్తం ఫీజు బల్ల మీద పెట్టారు. "సరే. కానీ నేను చేసేది సగమే. తర్వాత అనుకునేరు."

అన్నంత పనీ చేశారు. క్లాసు మొదలవగానే కుడి చెయ్యి ప్యాంటు జేబులోకి వెళ్లింది. గంటసేపు బయటికి రాలేదు. కుడి కాలు తనది కాదన్నట్టు ఈడ్చారు.

"కుడి చెయ్యి ఏదండీ?"

"సెలవులో ఉంది."

"మరి కాలు?"

"చెయ్యికి తోడు వెళ్లింది."

గది గొల్లుమంది. అద్దంలో చూస్తే టీచరు కూడా నవ్వుతోంది. రెండో రోజుకి ఆ నవ్వు కాస్త తగ్గింది. వారం తిరిగేసరికి పూర్తిగా పోయింది. ఎందుకంటే మాస్టారు మెడలో టేపు వేసుకుని వచ్చేవారు. టీచరు కాలు చాపితే చాలు, గబుక్కున కూర్చుని చాప అంచు నుంచి మడమ దాకా కొలిచేవారు. దర్జీ సుద్దముక్కతో గుర్తు పెట్టేవారు. జేబులోంచి పాత ఆర్డరు పుస్తకం తీసి ఎడమ చేత్తో కోడికెలుకుడు రాతలు రాసుకునేవారు.

"కొత్త చాపలండీ! సుద్ద పోదు!"

"పోతుందమ్మా. సగం పోతుంది."

తువ్వాలు సంగతి మరీ వింత. అది అందుకుని, "ఇంత దండగ ఖర్చు ఎక్కడా చూళ్లేదు" అని రోజూ తిట్టేవారు. తిట్టి, చిన్న కత్తెర తీసి, దాన్ని నిలువునా రెండు ముక్కలు చేసేవారు. ఒక ముక్కతో మొహం తుడుచుకుని, రెండోది ప్లాస్టిక్ సంచీలో పెట్టి జేబులో వేసుకునేవారు. బ్యాంకులో పనిచేసే ఆవిడ అది చూసి, "ఫీజు రాబట్టుకుంటున్నారు పాపం" అని టీచరు చెవిలో ఊదింది.

మూడో వారంలో మాస్టారు కుర్చీ ఒకటి మోసుకొచ్చారు. మామూలు చెక్క కుర్చీ. దాన్ని గది మధ్యలో వేసి, "టీచరమ్మా, ఇవాళంతా ఇందులోంచి లేవడమే నేర్పండి" అన్నారు.

"గంటసేపా?" అంది బ్యాంకావిడ. "ఇంత ఫీజు పోసింది కుర్చీలోంచి లేవడానికా? అది మా ఆఫీసులో నేర్పే పనే లేదు, ఐదయ్యేసరికి అందరూ వాళ్లంతట వాళ్లే లేస్తారు."

పళ్ల డాక్టరు అప్పుడే ఫోను పట్టుకుని మెట్ల వైపు వెళ్తున్నాడు. అంతకుముందే అక్కయ్యతో మాటామాటా అయింది. టీచరుకి ఒళ్లు మండింది.

"మాస్టారూ, నా దగ్గర సగం సగం పనులు కుదరవు. రెండు చేతులూ రెండు కాళ్లూ వాడేట్టయితే రండి. వేళాకోళానికైతే రావద్దు."

మాస్టారు టేపు చుట్టి జేబులో పెట్టుకున్నారు. "అలాగేనమ్మా," అని కుర్చీ ఎత్తుకున్నారు. ఆ తొందరలో ఆర్డరు పుస్తకం చాప మీదే మర్చిపోయారు.

మర్నాడు రాలేదు. ఆ వారం రాలేదు. రెండో వారం కూడా ఆయన చాప ఖాళీగానే ఉంది. సుద్ద గుర్తులు మాత్రం చెరగలేదు. టీచరు అన్నమాట టీచరుకే గుచ్చుకోవడం మొదలైంది. ఆఖరికి, అడ్రసేమైనా దొరుకుతుందేమోనని పుస్తకం తెరిచింది.

పాత దర్జీ పుస్తకాల్లో ఉండే గళ్లే. పేరు దగ్గర "మా ఆవిడ" అని ఉంది. భుజం, ఛాతీ, నడుము, చెయ్యి, అన్నీ నింపి ఉన్నాయి. "పొడవు" గడి ఒక్కటే ఖాళీ. దాని కింద తారీఖులవారీగా రాతలు:

"ముక్కు మోకాలి దాకా వంచితే బరువు పాదం మీదికి వస్తుంది. టీచరు చెప్పింది. ఆవిడ లేవలేదు."

"ఎడమ పాదం కుర్చీ కిందికి నాలుగు అంగుళాలు. లేవలేదు."

"లేవలేదు. నన్ను తిట్టింది."

"జానెడు లేచి కూలబడింది. ఇద్దరం నవ్వుకున్నాం."

"నిమ్మ తువ్వాలు చాలా నచ్చింది. ఇంకోటి తెమ్మంది."

టీచరు ఆ గదిలోనే చాప మీద కూర్చుండిపోయింది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఆయన జేబులో చెయ్యి పెట్టుకున్నది వేళాకోళానికి కాదు. కుడి పక్క పడిపోయిన మనిషికి ఏ కదలిక వీలవుతుందో తన ఒంటి మీద వేసి చూసుకోవడానికి.

పుస్తకం అట్ట మీద పాత దుకాణం అడ్రసు అచ్చయి ఉంది. ఇల్లు దాని వెనకే. మాస్టారు తలుపు తీశారు. గడ్డం మాసి ఉంది. లోపల కిటికీ పక్కన అదే చెక్క కుర్చీలో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. కుడి చెయ్యి ఒళ్లో దిండు మీద పెట్టి ఉంది.

"నువ్వేనా..." అందావిడ. మాట కాస్త ముద్దగా వచ్చింది, కళ్లు మాత్రం చురుగ్గా ఉన్నాయి. "ఖరీదైన టీచరు?"

"క్షమించండి పిన్నిగారూ. మాస్టారు నాకొక్క మాట చెప్పుంటే..."

"చెబితే జాలిపడతావు. జాలిపడితే... తేలికవి చెబుతావు," అందావిడ. "అందుకే చెప్పొద్దన్నా."

మాస్టారు టీ తెచ్చి కూలబడ్డారు. వ్యాయామం నేర్పేవాళ్లు ఊళ్లో ముగ్గురున్నారట. ముగ్గురి ఫీజులూ కనుక్కుని, మూడు కాగితాల మీద రాసి ముందు పెడితే, ఆవిడ వేలుతో అన్నిటికంటే ఎక్కువ ఫీజున్నదాన్ని చూపించిందట. "నలభై ఏళ్లు చవకలోనే గడిపాను, దీనికి మాత్రం చవక సరుకొద్దు" అందట.

"ఆ పొడవు గడి ఏంటి మాస్టారూ?"

మాస్టారు లేచి బీరువా తీశారు. ముదురు నీలం బట్ట, మీద చిన్న చిన్న తెల్ల చుక్కలు. ఎనిమిదేళ్ల కిందట ఆవిడే కొనుక్కుని, గౌను కుట్టిపెట్టమని ఇచ్చింది. ఊరందరి బట్టలూ కుట్టడంలో, దుకాణం మూశాక బద్ధకంలో అది అలాగే ఉండిపోయింది. ఎప్పుడడిగినా "సగం అయింది" అనేవారు. కత్తెరైనా పెట్టలేదు.

"పక్షవాతం వచ్చిన రోజు పొద్దున కూడా అడిగింది. అదే అబద్ధం చెప్పాను," అన్నారాయన. "కూర్చున్న మనిషికి పొడవు కొలత సరిగ్గా రాదమ్మా. నిలబడాలి."

"పడుకోబెట్టి కొలిస్తే?"

"పడుకున్నవాళ్లని కొలిచే పని నాది కాదు," అన్నారు మాస్టారు. ఎప్పుడూ లేనిది, కోపంగా.

గుమ్మం దాకా వచ్చి చెప్పారు. ఆవిడ గుండె బలహీనపడిందట. డాక్టరు నెలల్లో కాదు, వారాల్లో మాట్లాడుతున్నాడట.

మర్నాటి నుంచి టీచరు పొద్దున క్లాసు కాగానే ఆ ఇంటికి వెళ్లింది. జాలి పడలేదు. పడినా పైకి తేలనివ్వలేదు. నేల మీద సుద్దతో పాదం గీత గీసింది. "ముక్కు ముందుకి పిన్నిగారూ! ఇంకా ముందుకి! నేను ఫీజు ఊరికే తీసుకోలేదు!"

"రాక్షసి," అనేదావిడ, ఆనందంగా.

అక్కయ్య ఫోను చేస్తే టీచరు తీయలేదు. నెలాఖరు వచ్చి వెళ్లిపోయింది. ఆఫీసులో ఖాళీ ఎవరితోనో నిండింది. ఆ సంగతి ఆమెకి రెండు రోజుల తర్వాత గానీ గుర్తురాలేదు.

పంతొమ్మిదో రోజున ఆవిడ లేచింది. ఎడమ చెయ్యి టీచరు భుజం మీద, ఎడమ పాదం సుద్ద గీత మీద. వణుకుతూ, పళ్లు బిగించి, మొత్తం మనిషి నిలబడింది. మాస్టారు టేపు పట్టుకుని అలా నోరు తెరిచి చూస్తున్నారు.

"కొలవండి!" అని అరిచింది టీచరు.

"సగం... కొలవకండి!" అందావిడ.

మాస్టారు మోకాళ్ల మీద కూలబడి భుజం నుంచి చీలమండ దాకా టేపు లాగారు. టేపు తిరగబడి అంకెలు కనపడలేదు. మళ్లీ లాగారు. టీచరు తొమ్మిది లెక్కపెట్టేసరికి ఆవిడ కుర్చీలోకి జారింది.

"యాభై ఒకటిన్నర," అన్నారు మాస్టారు, కళ్లు తుడుచుకుంటూ.

"చూశావా," అంది ఆవిడ టీచరుతో, రొప్పుతూ. "అందులోనూ... అర."

ముగ్గురూ నవ్వారు. ఆ నవ్వుతో ఆవిడకి దగ్గొచ్చింది. మాస్టారు నీళ్లు తాగించారు.

గౌను మూడు రోజుల్లో తయారైంది. రెండో రోజు టీచరు కావాలనే "అయిందా మాస్టారూ?" అని అడిగింది. "సగ..." అని నోరు తెరిచి, మిషను తొక్కడం ఆపి, "రేపు పూర్తిగా అయిపోతుంది" అన్నారు. ఆవిడ దాన్ని వేసుకుని కిటికీ పక్కన కూర్చుంది. వీధిలో వెళ్లేవాళ్లందరినీ పిలిచి అంచు చూపించింది. మళ్లీ నిలబడలేదు. నిలబడాలని అడగనూ లేదు. ఇరవై రోజులు ఉంది.

ఒక పొద్దున మాస్టారే ఫోను చేశారు. "అయిపోయిందమ్మా," అన్నారు. ముందు సగం అన్న మాట లేకుండా ఆయన అలా అనడం టీచరు అంతకుముందెప్పుడూ వినలేదు. ఫోను పట్టుకుని చాలాసేపు ఏడ్చింది.

పక్షం రోజుల తర్వాత ఆయన మెట్లెక్కి వచ్చారు. గదిలో ఇప్పుడు ఒక మూల నాలుగు చెక్క కుర్చీలున్నాయి. మంగళవారాలు లేవలేనివాళ్లకి క్లాసు. మాస్టారు తన చాప మీద నిలబడి, రెండు చేతులూ జేబుల్లోంచి తీశారు. కుడి చెయ్యి పైకెత్తమంటే అది ఎటో పోయింది.

"అలవాటు తప్పింది," అన్నారు.

"సెలవు ఎక్కువైంది," అంది బ్యాంకావిడ, మెల్లగా. ఆమెకి ఇప్పుడు అంతా తెలుసు.

క్లాసు అయ్యాక టీచరు ఒక కవరు తెచ్చింది. "సగం ఫీజు మాస్టారూ. మీరు మొదట్లోనే అడిగారు. సగమే చేశారు కదా, నేను మొత్తం తీసుకోకుండా ఉండాల్సింది."

మాస్టారు కవరు వెనక్కి తోసేశారు. "మిగతా సగం ఇంట్లో ఆవిడ చేసిందమ్మా. ఇద్దరికి కలిపి ఒక్క ఫీజే కట్టాను. నిజానికి మిమ్మల్నే మోసం చేశాం."

టీచరు ఏం చెయ్యాలో తోచక తువ్వాలు ఇచ్చింది. మాస్టారు అలవాటుగా కత్తెర తీశారు. తువ్వాలు మడిచి, మధ్యలో కత్తెర పెట్టి, ఆగిపోయారు. కత్తెర మళ్లీ జేబులో పెట్టుకున్నారు. మొత్తం తువ్వాలు విప్పి, మొహం అందులో పెట్టుకుని, చాలాసేపు అలాగే ఉండిపోయారు. భుజాలు కదులుతుంటే ఎవరూ అటు చూడలేదు. పళ్ల డాక్టరు మోగుతున్న ఫోను నోరు నొక్కేశాడు.

కాసేపటికి మొహం బయటికి తీశారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మీ పాఠం ఖరీదు చేస్తుందమ్మా, కాదనను," అన్నారు. "ఈ తువ్వాలు మాత్రం దండగే." అని రెండోది అడిగి పట్టుకెళ్లారు.