అమ్మ పలక మీద నా అంకెలు

మొన్న మా మునిమనవరాలు లెక్కల నోటుపుస్తకాన్ని బియ్యం డబ్బా వెనక దాచింది. వెతికి తీస్తే లోపల తప్పిన లెక్క ఒక్కటే, దాని మీద ఎర్రసిరా గీత. దానికే అన్నం మానేసి గోడవైపు తిరిగి కూర్చున్న ఆ తొమ్మిదేళ్ళ పిల్లను చూస్తే నాకు కోపం రాలేదు. ఆ భయం నాకు తెలుసు. పలకా బలపంతో చదువుకున్న మీలోనూ చాలామందికి తెలిసే ఉంటుంది.

రెండో ప్రపంచయుద్ధం రోజులవి. కుప్పం రైలు స్టేషనులో పనిచేస్తూ మా నాన్న జ్వరంతో పోయేనాటికి నాకు పదకొండేళ్ళు, అమ్మకు ముప్పై నిండలేదు. ఇద్దరం పుంగనూరులో అమ్మమ్మ పంచన చేరాము. అమ్మ చదువు అయిదో తరగతితో ఆగింది. ఎనిమిదో తరగతి పరీక్ష పాసైతే మదనపల్లెలో టీచరు ట్రైనింగులో చేర్పిస్తామనీ, లేకుంటే ఆసుపత్రిలో ఆయా పని చూస్తామనీ మా చర్చి పెద్దలు మాట ఇచ్చారు. రెండేళ్ళు ఇంట్లో నా పాత పుస్తకాలతో కుస్తీ పట్టి, నేను ఎనిమిదిలోకి వచ్చిన ఏడాది, తెల్లచీర కొంగు నిండా కప్పుకొని అమ్మ కూడా నా తరగతిలోనే వచ్చి కూర్చుంది.

ఇప్పుడు చెప్పడానికి సిగ్గేస్తుంది గానీ, నాకు తలకొట్టేసినట్టుండేది. నేను తరగతిలో మొదటిదాన్ని, నా లెక్క తప్పడమన్నది లేదు. అమ్మది తప్పని రోజు లేదు. మా టీచరమ్మకు ఒక పట్టుదల ఉండేది. తప్పిన లెక్కను తుడవనిచ్చేది కాదు. దాన్ని అట్లాగే ఉంచి, పలకకు రెండోవైపు మళ్ళీ చేయాలి. ఎక్కడ అడుగు జారిందో తెలిశాకే తడిగుడ్డ.

ఒకరోజు ఎనిమిది మంది పన్నెండు రోజుల్లో తవ్వే బావిని ఆరుగురు ఎన్ని రోజుల్లో తవ్వుతారంటే, అమ్మ తొమ్మిది రోజులని రాసింది. మనుషులు తగ్గితే పని తొందరగా అవుతుందా అని తరగతంతా పగలబడి నవ్వింది. టీచరమ్మ నవ్వలేదు. "నవ్వినోళ్ళు లేసి నిలబడి, ఆయమ్మ యాడ దారి తప్పిందో సెప్పండి" అంది. ఎవరూ చెప్పలేకపోయారు. పదహారని నాకు తెలుసు, కానీ తొమ్మిది ఎలా వచ్చిందో నాకూ తెలియదు. తల వంచుకున్నాను.

మదనపల్లెలో జరిగే ఎనిమిదో తరగతి పరీక్షకు ఎవరి పేర్లు పంపాలో తేల్చే రోజు వచ్చింది. టీచరమ్మ ఇచ్చిన లెక్క చేసి, పలకలు ఆమె బల్ల మీద పెట్టి అందరూ మధ్యాహ్నం అన్నానికి బయటికి వెళ్ళారు. నేను వెనక్కు వచ్చాను. అమ్మ లెక్క మళ్ళీ తప్పింది. వేలితో తుడిచి, నా బలపంతో సరైన అంకెలు వేసి, బయటికి పరుగెత్తాను. అది ప్రేమో, అవమానం తప్పించుకోవాలన్న ఆరాటమో ఇప్పటికీ తేల్చుకోలేను.

బడి మళ్ళీ మొదలవగానే టీచరమ్మ అమ్మను పిలిచి, ఈ లెక్క ఎలా చేశావో నల్లబల్ల మీద చూపించమంది. అమ్మ పలక వైపు చూసింది. నేను వేసే ఆరు అంకె తోక మెలితిరిగి ఉంటుంది, దాన్ని ఆమె ఎరగనిది కాదు. అమ్మ నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. కొంగుతో పలకంతా తుడిచేసి, "ఇది నేను సేసింది గాదమ్మా, నాకు ఇంకోటి ఇయ్యండి" అంది.

ఎవరు చేశారని టీచరమ్మ అడగలేదు. ఇంకో లెక్క ఇచ్చింది. అమ్మ అక్కడే పలక మీద చేసింది, తప్పింది. మళ్ళీ చేసింది, మళ్ళీ తప్పింది. చెమట ముక్కు మీదుగా పలక మీదికి రాలుతోంది. మూడోసారి సగంలో బలపం ఆపి, పైనుంచి కిందికి వేలు పెట్టి చదువుకొని, "ఈడ, ఈడ తప్పతాండాను" అని చిన్నగా అంది. అప్పుడు లెక్క కుదిరింది. టీచరమ్మ అక్కడికక్కడే ఆమె పేరు రాసుకుంది.

పెట్రోలు కరువు వల్ల బొగ్గుతో నడిచే బస్సులో మదనపల్లె వెళ్ళి ఇద్దరం పరీక్ష రాశాము. ఒక గొట్టం తొట్టిని నింపుతుంటే ఇంకోటి ఖాళీ చేసే లెక్క వచ్చింది. అలాంటిది నేనెప్పుడూ చేయలేదు. కలం సిరాలో ముంచాను, ఆరిపోయింది, మళ్ళీ ముంచాను. రాస్తే తప్పవుతుందేమో, సిరా తుడవలేమే అన్న భయంతో చేయి కదలలేదు. ఆ భయం మిగతా లెక్కలకూ పాకింది. రెండు వరుసల అవతల అమ్మ కొట్టేస్తూ, మళ్ళీ రాస్తూ, ఇంకో కాగితం అడిగింది. నేను దాదాపు తెల్లకాగితమే ఇచ్చి వచ్చాను.

ఫలితాలు చూడటానికి మళ్ళీ అదే బస్సులో వెళ్ళాము. గోడకు అంటించిన పట్టీలో అమ్మ నంబరు ఉంది, నాది లేదు. మూడుసార్లు వెతికాను. అమ్మ సంతోషించనూ లేకపోయింది, ఏడవనూ లేకపోయింది. బస్సు కదిలాక, "తప్పు రాసొచ్చినా నాకు బాధ ల్యాకపోవును, ఉత్త కాయితం యాల ఇచ్చొస్తివి?" అంది. ఆ ఒక్క మాటే. తర్వాత నా తల ఒళ్ళో పెట్టుకుంది.

అమ్మ ట్రైనింగుకు వెళ్ళిపోయింది. నేను ఏడాదంతా నాకంటే చిన్నవాళ్ళ మధ్య అదే తరగతిలో కూర్చుని, నలుగురి ముందు తప్పడం నేర్చుకున్నాను, అది లెక్కలకంటే కష్టంగా వచ్చింది. మరుసటేడు పాసై, నేనూ ట్రైనింగు చేశాను. ఆ తర్వాత అమ్మా నేనూ కుప్పంలో ఒకే బడిలో ఏళ్ళపాటు పాఠాలు చెప్పాము. పలక సంగతి ఆమె ఎత్తలేదు, నేను ఒప్పుకోలేదు.

ఇప్పటి పిల్లలు మాకంటే ఎంతో ముందున్నారు, మేము కలలో కూడా ఎరగని లెక్కలు చేస్తున్నారు. కానీ మా కాలంలో తప్పు ఒక పూటంతా పలక మీద నలుగురికీ కనబడుతూ ఉండి, సాయంత్రానికి తడిగుడ్డతో పోయేది. ఇప్పుడది మార్కుగా మారి పిల్లల వెంట ఇంటిదాకా వస్తోంది, ఏళ్ళ తరబడి వదలడం లేదు. దాన్ని తుడిచే గుడ్డ ఎవరి దగ్గరా ఉన్నట్టు లేదు.