మగ్దలీనమ్మ నోటితో చెప్పమంటుంది

మార్కాపురంలో తన ఇంటి గడప దాటకుండా ఒక అంతర్జాతీయ దొంగల ముఠాను ఫోను తీగతో కట్టి పడేసిన వీరనారి మగ్దలీనమ్మ. సరే, అంతర్జాతీయం అన్నది కొంచెం ఎక్కువే. ముఠా అనడానికీ నా దగ్గర సాక్ష్యం లేదు. ఆమెది సెల్‌ఫోను కాబట్టి తీగ కూడా లేదు. దొంగ మాత్రం నిజం. ఆ దొంగకు తలుపు తీసిన తెలివితక్కువవాడూ నిజమే. వాడి గురించి చెప్పడానికి నాకు తొందరేమీ లేదు.

మగ్దలీనమ్మకు ఒకటే పిచ్చి. ఈమెయిల్ వస్తే మొదటి మాట దాటి చదవదు. పంపినవాళ్లకు ఫోన్ చేస్తుంది.

గిద్దలూరులో ఆమె చెల్లెలి కూతురు రమణమ్మ ఉంది. మెయిల్ పంపిన పాపానికి ఆ పిల్లకు ప్రతిసారీ ఇదే వరస.

"రమణా, మెయిల్ పంపింది నువ్వేనా?"

"నేనే పెద్దమ్మా."

"ఏం రాసినావు?"

"అందులోనే ఉంది గదా, చూడు."

"నీ నోటితో చెప్పు."

"పాపకు పన్నొచ్చిందని రాసినా."

"అట్లనా, మంచిది. ఇంక చదువుతాలే."

చదవడానికి ఇంకేం మిగిలింది? ఒకసారి బ్యాంకు నుంచి "ప్రియమైన ఖాతాదారునికి" అంటూ మెయిల్ వచ్చింది. పాసుపుస్తకం అట్ట మీదున్న నంబరు చూసి మేనేజరుకు ఫోన్ కొట్టింది.

"ఏం సారూ, నన్ను ప్రియమైన అని రాసింది మీరేనా?"

"మెషిన్ పంపిస్తది మేడమ్ అవి."

"అయితే ఆ మెషిన్‌ను పిలువు, మాట్లాడతా."

ఆమె పనిచేసింది టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో. ట్రంకు కాల్ కలిపే రోజుల నుంచి, అవతలి గొంతు వినకుండా లైను ఇచ్చిన మనిషి కాదు.

అలాంటి మనిషికి ఈమెయిల్ నేర్పే భాగ్యం నాకు దక్కింది. నేను కాన్వెంటులో సిస్టర్ల దగ్గర చదువుకున్నవాణ్ణి. నా ఇంగ్లీషు విని కంభం స్టేషన్లో గూడ్సు బండి ఆగిపోయిందని చెప్పుకుంటారు. చెప్పుకునేది నేనే. పలకల దుకాణం కొడుకుకు అప్పగించాక ఖాళీగా ఉండలేక, సాయంత్రాలు మా వరండాలో ఈమెయిల్ బడి పెట్టాను. మగ్దలీనమ్మ, గాజులమ్మే చాంద్‌బీ, రిటైరైన కండక్టరు వీరాంజనేయులు నా శిష్యులు.

మొదటి రోజే గంభీరంగా పాఠం చెప్పాను. "పాస్‌వర్డ్ అంటే తాళంచెవి. మర్చిపోకూడదు. నాది మా దుకాణం పేరు. మర్చిపోయినా తల పైకెత్తి బోర్డు చూసుకుంటే చాలు."

"బోర్డు ఊరంతా చూస్తది గదా అన్నా?" అంది చాంద్‌బీ.

"చూడనీ. అదే పాస్‌వర్డ్ అని వాళ్లకేం తెలుసు?" అన్నాను, వీధిలో పోయేవాళ్లకు కూడా వినబడేటట్టు.

ఆ రోజు నుంచి మగ్దలీనమ్మకు ఇంకో పిచ్చి పట్టుకుంది. పాఠం ముగిసేసరికి చెయ్యెత్తుతుంది.

"అన్నా, పాస్‌వర్డ్ ఎవురన్నా అడిగితే చెప్పొచ్చా?"

"చెప్పకూడదమ్మా."

"బ్యాంకోళ్లు అడిగితే?"

"చెప్పకూడదు."

"దేవుడడిగితే?"

"మగ్దలీ!"

మర్నాడు మళ్లీ అదే ప్రశ్న. పాపం, ఈమె బుర్రకు లైను దొరకడం లేదని జాలిపడ్డాను.

ఇప్పుడిక ఆ తెలివితక్కువవాడి సంగతి. నాకొక అలవాటుంది. పలకలమ్మి బతికినవాణ్ణి కదా, దేన్నైనా వేలి మెటికతో తట్టి చూస్తాను. పలక ఖంగుమంటే మంచిది, బొంగురుగా పలికితే లోపల పగులున్నట్టు. కుండ, పుచ్చకాయ, మనవళ్ల నెత్తి, అన్నిటికీ అదే పరీక్ష.

ఒక మధ్యాహ్నం నాకొక మెయిల్ వచ్చింది. సాయంత్రంలోగా ధ్రువీకరించకపోతే నా మెయిల్ పెట్టె మూసేస్తారట, లోపలివన్నీ చెరిపేస్తారట. మా మనవరాలు పావని పాలపళ్ల నాటి ఫోటోల నుంచి నిన్నమొన్నటి కాలేజీ ఫోటోల దాకా అందులోనే ఉన్నాయి. ఇంకెక్కడా దాచలేదు.

పైగా ఎంత ఇంగ్లీషు అది! కామా ఉండాల్సిన చోట కామా, అడుగడుగునా మర్యాద. ఇంత చక్కని వ్యాకరణం రాసినవాడు దొంగెలా అవుతాడు? శిష్యుల పెట్టెలు కూడా మూతపడతాయేమోనని ముగ్గురికీ ఆ మెయిల్ పంపించాను. తర్వాత, ఎందుకైనా మంచిదని, అందులోని నీలం బొత్తాన్ని మెటికతో తట్టాను. పలకైతే పలికేది. ఫోను కాబట్టి పేజీ తెరుచుకుంది.

పేరు నింపాను. దుకాణం పేరులో సగం కొట్టాను. అప్పుడు ఫోన్ మోగింది.

"మాలకొండన్నా, మెయిల్ పంపింది నువ్వేనా?"

"నేనే మగ్దలీ, పనిలో ఉన్నా."

"ఏం రాసినావు?"

"ఇంగ్లీషులో ఉంది. పెద్ద ఇంగ్లీషు."

"తెలుగులోనే, నీ నోటితో చెప్పు."

"నా మెయిల్ పెట్టె మూస్తారంట."

"ఎవురు?"

"పేరు... రాయలేదు."

"మూయకుండా ఉండాలంటే?"

"పాస్‌వర్డ్ చెప్పాలంట."

ఆ మాట అన్నాక నా గొంతు నాకే వినబడింది. అవతల ఆమె నవ్వలేదు, తిట్టలేదు. ఎప్పటిలాగే అమాయకంగా అడిగింది.

"అన్నా, పాస్‌వర్డ్ ఎవురన్నా అడిగితే చెప్పొచ్చా?"

"చెప్ప... కూడదు."

"అట్లనా. అయితే ఆ పేజీ మూసెయ్యి. నేనొస్తాండా. నాకు పాస్‌వర్డ్ మార్చుకునేది రాదు, నీది మార్చి చూపిద్దువు. ఆ మెయిల్లోంచి మాత్రం పోబాక."

ఆటోలో వచ్చింది. రాదన్న మనిషికి దారంతా తెలుసు. "మామూలుగా నీ మెయిల్ తెరిచి సెట్టింగుల్లోకి పో అన్నా. బోర్డు మీద లేని మాట పెట్టు, పొడుగ్గా పెట్టు. ఫోనుకు నంబరొస్తే గాని తెరుచుకోని ఇంకో తాళం ఉందంట గదా, అది గూడా నేర్పు." నేర్పాను. అంటే, ఆమె చెప్పింది, నేను నొక్కాను. అంతా అయ్యాక "ఎంత బాగా నేర్పినావన్నా!" అంది. పావని ఫోటోలు ఉన్నచోటే ఉన్నాయి.

మర్నాడు నా పరువు గంగలో కలుస్తుందనుకుంటూ వరండాలో కూర్చున్నాను. చాంద్‌బీ వస్తూనే చప్పట్లు కొట్టింది.

"భలే పరీక్ష పెట్టినావన్నా! దొంగ మెయిల్ పంపి మేము నొక్కుతామో లేదో చూసినావంట గదా? మగ్దలీనక్క ఫోన్ చేసి చెప్పింది. నేను నొక్కలే!"

"నేను గూడా నొక్కలే!" అన్నాడు వీరాంజనేయులు, కొత్త టికెట్ల కట్ట అందుకున్నంత గర్వంగా.

నేను పెద్ద మాస్టారిలా తలాడించాను. మగ్దలీనమ్మ గోడ మీద బల్లిని చూస్తూ కూర్చుంది.

ఆ ఆదివారం గిద్దలూరు నుంచి వచ్చిన రమణమ్మ అసలు సంగతి బయటపెట్టింది. "పెద్దమ్మకు నువ్వు నేర్పేదేంది మామా? రిటైరయ్యే దాకా ఆఫీసులో మెయిళ్లన్నీ చూసింది ఆమే. మా ఇంట్లో అందరికీ నేర్పిందీ ఆమే."

"మరి నా బడికెందుకొచ్చింది?"

"నువ్వు అంత ప్రేమగా పిలిస్తే రాననేదెట్ల అనింది. వచ్చినాక నీ పాస్‌వర్డ్ సంగతి విని బెదిరిపోయింది. నలుగుర్లో నీకు చెప్పలేక, రోజూ నీతోనే చెప్పించినాది."

ఇదంతా రాసి, పోయి మగ్దలీనమ్మకు చదివి వినిపించాను. కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుంది.

"అంతా అబద్ధం," అంది. "ఆ దినం నేను ఊర్లోనే లేను, కొనకనమిట్లలో పెండ్లికి పోయినా. రమణకు వాగుడెక్కువ. కాన్వెంటులో చదివినోడిని ఎవుడన్నా మోసం చేస్తాడా అన్నా? నాకు మెయిలంటే ఏందో గూడా తెలీదు, అట్లే రాసుకో."