గోనెబూచికి సన్మానం

గండభేరుండం, గంధర్వులు, గరుడుడు అయిపోయాక నా పని కొన్నాళ్లు ఆగిపోయింది. అక్షర క్రమంలో తర్వాత రావలసింది గోనెబూచి.

నేను పలాసలో ఒక జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతాను. మన పురాణాల్లో, పల్లె కథల్లో కనిపించే వింత జీవులన్నిటినీ ఒకచోట చేర్చి, పిల్లలకు పనికొచ్చే నిఘంటువు రాసి ఇమ్మని ఒక ప్రచురణకర్త అడిగితే వెంటనే ఒప్పుకున్నాను. శరభాలు, యాళులు, బ్రహ్మరాక్షసులు, కొరివి దయ్యాలు... వీటి గురించి రాయడం సరదాగానే ఉండేది. కానీ ఒప్పుకున్న రోజే నా మనసులో మెదిలింది గోనెబూచి. అది ఏ పురాణంలోనూ లేదు. నందిగాం అవతల మేం పుట్టిన ఊళ్లో, ఒకే ఒక్క జీడితోటలో ఉండేది. మా అప్ప, అంటే మా అక్క, కుంటిది కావడానికి కారణం అదే.

ఆ తోట మా ఊరి ఆసామిది. కోతలయ్యాక చెట్ల కింద మిగిలిన జీడిపిక్కల కోసం, పొయ్యిలోకి ఎండుటాకుల కోసం కూలివాళ్ల పిల్లలం వెళ్లేవాళ్లం. ఒక ఏడాది, తోటలో గోనెబూచి తిరుగుతోందని ఊళ్లో పుకారు పుట్టింది. అప్ప నమ్మలేదు. ఒక మధ్యాహ్నం నన్ను కంచె దగ్గర నిలబెట్టి, తను లోపలికి వెళ్లి ఆకులు ఊడ్చడం మొదలుపెట్టింది. చెట్టు చాటులోంచి, తల నుంచి మోకాళ్ల దాకా గోనె కప్పుకున్న ఆకారం ఒకటి బొబ్బలు పెడుతూ ఆమె మీదికి వచ్చింది. అప్ప పరిగెత్తింది. నరికిన మోడు తగిలి పడింది. మోకాలి దగ్గర ఎముక విరిగిన చప్పుడు నాకు కంచె దాకా వినిపించింది. ఆ ఆకారం వచ్చి ఆమె మీదికి వంగి చూసింది. తర్వాత తిరిగి చెట్లలోకి వెళ్లిపోయింది.

నాటువైద్యుడు కట్టు కట్టాడు. కాలు వంకరగా అతుక్కుంది.

"బూసి సేతికి వాచీ ఉన్నాదే అమ్మా, నాను సూసినాను" అని అప్ప ఎన్నిసార్లు చెప్పిందో. అమ్మ దాని నోరు నొక్కేసేది. ఊళ్లో వాచీ ఉన్నది ఆసామి ఒక్కడికే, రేపు పనికి వెళ్లాల్సిందీ ఆయన పొలానికే మరి. బూచి ముట్టిన పిల్ల అని ఊరు పేరు పెట్టింది. మా చర్చి సంఘం పెద్దలు అప్ప తల మీద చేతులుంచి, దురాత్మను వెళ్లగొట్టడానికి గట్టిగా ప్రార్థన చేశారు. "నాలో ఏటీ లేదు, ఒగ్గెయ్యండి" అని అది ఏడ్చింది. లోపలున్న దయ్యమే అలా అంటోందన్నారు. సంబంధాలు వచ్చినట్టే వచ్చి వెనక్కి పోయాయి. ఇప్పుడు అప్ప నాతోనే ఉంటుంది. చేతిమిషన్ మీద బట్టలు కుడుతుంది.

పుస్తకం పని మీద ఆ ఆసామి ఇంటికి వెళ్లాను. ముసలివాడైనా మనిషి గట్టిగానే ఉన్నాడు. నేనెవరి కూతురినో గుర్తుపట్టలేదు, నేనూ చెప్పలేదు. అనుమతి అడిగి ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, గోనెబూచి గురించి ఏమైనా తెలుసా అన్నాను. పగలబడి నవ్వాడు.

"గోనెబూసా! అది నానేనమ్మా! రెండు సంచులు కలిపి కుట్టించినాను, కళ్లకాడ బొక్కలెట్టినాను. మరి సూడు, ఒక్క కూలిగుంట తోటలో అడుగెడితే ఒట్టు."

"ఎవరికైనా దెబ్బ తగిలిందాండీ?"

"ఒక గుంట పడిపోనాది. కాలిరిగినట్టున్నాది. మాటాడితే నా గొంతు గుర్తుపట్టెత్తాది గదా, అందుకని కాసేపు సూసి ఎల్లిపోనాను."

"తర్వాత ఆ పిల్ల ఏమైంది?"

"ఏటవుతాది? ఎక్కడో బతికే ఉంటాది."

పళ్లెంలో వేయించిన జీడిపప్పు పెట్టించాడు. తిన్నాను. ఆ ముసలాడి ముందు అంత నిమ్మళంగా ఎలా కూర్చోగలిగానో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. పుస్తకంలో తన ఫొటో వేస్తారా అని ఆశగా అడిగాడు. "ఫొటో ఎందుకండీ, పుస్తకం విడుదల మీ ఊళ్లోనే పెడతాం. మీకు సన్మానం చేస్తాం" అన్నాను.

ఇంటికొచ్చి ఆ రికార్డింగ్ అప్పకు వినిపించాను. ఇంకోసారి పెట్టమంది.

ఒక ఆదివారం సాయంత్రం ఊరి బడి ఆవరణలో సభ పెట్టాం. ఆయన ఇస్త్రీ పంచె కట్టుకుని, కొడుకునీ మనవల్నీ వెంటబెట్టుకుని వచ్చాడు. శాలువా కప్పించాను. చప్పట్లు కొట్టించాను. అప్పుడు పుస్తకం తెరిచి చదివాను.

"గోనెబూచి: జీడితోటల్లో తిరిగే జీవి. ఎత్తు మగమనిషంత. చేతికి గడియారం కట్టుకుంటుంది. బీదవాళ్ల పిల్లల్నే తరుముతుంది, ఉన్నవాళ్ల పిల్లల జోలికి పోదు. ఎవరైనా కాలు విరిగి పడితే కాసేపు చూసి వెళ్లిపోతుంది. ప్రస్తుతం వయసు మళ్లింది."

ఆయన ముఖంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. ఫోన్ మైకు దగ్గర పెట్టాను. ఆయన గొంతే, ఆయన నవ్వే, బడి గోడలన్నీ మోగేలా వినిపించాయి. "కాసేపు సూసి ఎల్లిపోనాను" అన్న మాట దగ్గర జనం తలలన్నీ ఆయన వైపు తిరిగాయి.

వెనక వరసలోంచి ఒక ముసలమ్మ లేచింది. "ఓలమ్మో, ఈయనేనా! ఆ బూసికి మేం కోళ్లు కోసినామే!"

అక్కడితో నా పని అయిపోయిందనుకున్నాను. అప్ప లేచింది. జనం దారి ఇచ్చారు. కుంటుకుంటూ ముందుకొచ్చి, చేతిసంచిలోంచి ఏదో తీసి విప్పింది. రెండు గోనెసంచులు కలిపి కుట్టిన ముసుగు. కళ్ల దగ్గర బొక్కలతో సహా. ఎప్పుడు కుట్టిందో నాకు తెలియదు. దాన్ని ఆయన భుజాల మీద, శాలువా పైన కప్పింది.

"బాబూ, ఆ గుంటని నానే. ఏటవుతాది అన్నారు గదా, ఇదిగో ఇలాగయినాను. ఓపాలి లెగిసి తరమండి. ఈసారి నాను పరిగెట్టను."

ఆయన లేవలేదు. కొడుకు పరుగున వచ్చి ఆ గోనె లాగేసి, తండ్రిని లేపి తీసుకుపోయాడు. చుట్టూ ఉన్నవాళ్లెవరూ సాయం పట్టలేదు.

తర్వాత కొడుకు మా ఇంటికి వచ్చాడు. "ముసలాడు మేడమ్. అందరి ముందూ అలాగేనా?" అన్నాడు. "మా అప్పను ఎవరి ముందు ఏమేమన్నారో మీకు తెలుసా?" అని అడిగాను. చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. ప్రచురణకర్త భయపడి, మళ్లీ అచ్చువేసేటప్పుడు ఆ భాగం తీసేద్దామన్నాడు. అది తీస్తే మొత్తం పుస్తకం వెనక్కి తీసుకుంటానన్నాను. అది అలాగే ఉంది. ఆసామి ఇప్పుడు గుమ్మం దాటి బయటికి రావడం లేదట. విని సంతోషించాను. జాలి వస్తుందేమోనని కొన్నాళ్లు ఎదురు చూశాను కూడా. రాలేదు.

పాస్టరుగారు ఇంటికొచ్చి క్షమాపణ గురించి మెల్లగా చెప్పారు. అప్ప మిషన్ ఆపి విన్నది.

"అడిగితే ఆలోసిత్తానయ్యగారూ. అడగనోడికి ఎలాగిత్తాను?" అంది.

ఇంతవరకూ ఆసామి అడగడానికి రాలేదు. వస్తే అప్ప ఏం చేస్తుందో నాకు తెలియదు. నేనైతే తలుపు తియ్యను.