చీర తిరగేసి చూపిన అక్క

నా చిన్నప్పుడు మా సారు ఒక ప్రశ్న అడిగితే, చెప్పాల్సిన పేరు నేను చెప్పలేదు. ఆ పేరు మా పక్కింటి అక్కది. ముప్పై అయిదేళ్లు దాచుకున్న ఆ సంగతిని ఇప్పుడు ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మా నాన్న సూరత్‌లో మగ్గాల కార్ఖానాలో పనిచేసేవాడు. మేముండే ఒంటిగది ఖోలీల వరుసలో మగవాళ్లు మగ్గాల మీదికి పోగానే ఆడవాళ్లు గుమ్మాల్లో కూర్చుని బుటా చీరల దారాలు కత్తిరించేవాళ్లు. మగ్గం దిగిన బుటా చీరకు పైన పువ్వులే కనిపిస్తాయి. వెనకవైపు మాత్రం ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు దారాలు వేలాడుతుంటాయి. వాటిని చిన్న కత్తెరతో తీసేయాలి. పువ్వుకు మరీ దగ్గరగా కోస్తే పువ్వే విడిపోతుంది.

ఆ పనిలో అక్కది అందరికన్నా నేర్పైన చెయ్యి. తన ఊళ్లో పదో తరగతి వరకు చదివింది. టీచరు కావాలని ఉండేదట. పెళ్లి చేసి సూరత్ పంపారు. మా ఇంటికి వచ్చిన ప్రతిసారీ నా పుస్తకాలు తీసి, చదవకపోయినా కాసేపు ఒళ్లో పెట్టుకునేది.

ఏడో తరగతిలో నాకు ఇంగ్లీషు వ్యాకరణమంటే వణుకు. ఒక మధ్యాహ్నం పొడుగాటి వాక్యం ఒకటి అంతుబట్టక మా గడపలో కూర్చుని ఏడుస్తున్నాను.

"ఏందిరా తమ్మీ, పుస్తకానికి గట్ల నీళ్లు పోస్తున్నవ్? మొలకలొస్తయా?" అంది అక్క. నవ్వి, ఒళ్లో ఉన్న చీరను తిరగేసి చూపించింది. "పూలు జూసి బెదరకు. ఏ దారం ఏడికెళ్లి వచ్చిందో ఎనకనే ఎరుకైతది."

ఎండలో అలసిపోయి వచ్చిన ముసలి రైతు, కొడుకు నాటిన చెట్టు కింద కూర్చున్నాడన్నది ఆ వాక్యం. అక్క చీరల డబ్బా అట్టను చింపి పెన్సిలు తీసుకుంది.

"ఎవలు? ఏం జేసిండు?"

రైతు, కూర్చున్నాడు. రెండు పువ్వులు వేసి మధ్య ఒక గీత గీసింది. మిగిలిన ఒక్కో మాటనూ "నువ్వెవలి దారానివి?" అని అడుగుతూ ఏటవాలు గీతలతో వాటి కింద వేలాడదీసింది. నా వంతు వచ్చినప్పుడు తొందరపడి రైతునే వదిలేశాను. "పువ్వునే కోసినవ్ గదరా!" అని నెత్తిన మొట్టింది. వర్షాకాలమంతా మా చదువు అట్ట ముక్కల మీదే సాగింది. నా చదువుకు పోయిన గంట పనిని పూడ్చుకోవడానికి తన అన్నం వేళ కూడా కత్తెర ఆపేది కాదు.

ఒకరోజు బడిలో నల్లబల్ల మీది వాక్యాన్ని నేను అలాగే విడదీసి చూపించాను. సారు చాలాసేపు చూసి, ఎవరు నేర్పారని అడిగారు. వెనక బెంచీలో దారాలు కత్తిరించేవాళ్ల పిల్లల్ని వెక్కిరించే ఇద్దరున్నారు. నా నోటికి అబద్ధం వచ్చింది. హజీరా కంపెనీలో ఇంజనీరుగా ఉన్న మా మామయ్య అన్నాను. నాకు అలాంటి మామయ్య లేడు.

సారు నా భుజం మీద చెయ్యి వేశారు. సాయంత్రాలు చిన్న తరగతుల పిల్లలకు చెప్పడానికి ఇలాంటి మనిషి కోసమే వెతుకుతున్నానన్నారు. మామయ్యకు తీరిక లేకపోతే ఇలా చెప్పగలిగే వాళ్లెవరినైనా తీసుకురమ్మన్నారు. ఎంత చదివారని అడగనని కూడా అన్నారు.

ఇంటికొచ్చేసరికి అక్క గుమ్మంలోనే ఉంది. "సారుకు సూపెట్టినవా? నా పేరు చెప్పినవా తమ్మీ? ఏమన్నడు?"

చెప్పానన్నాను. సారు ఏమీ అనలేదన్నాను.

అక్క కాసేపు నా వైపే చూసింది. "గంతేలే" అని మళ్లీ కత్తెర అందుకుంది. రెండేళ్లకు అక్కావాళ్లు తాపీ నది అవతల అమ్రోలికి మారిపోయారు.

మొన్న సూరత్ శివారు కామ్‌రేజ్‌లో మా ఇంట్లో, ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయికి ఇంగ్లీషు చెబుతూ అట్ట మీద రెండు పువ్వులు వేశాను. "పప్పా, ఇది మస్తు ఈజీ ఉంది యార్! నీకెవరు నేర్పిండ్రు?" అని అడిగింది. అదే ప్రశ్న. ఈసారి పేరు చెప్పాను. ఆ తరువాతి ఆదివారం అమ్మాయిని వెంటబెట్టుకుని అమ్రోలి వెళ్లాను.

అక్క జుట్టు నెరిసింది, కళ్లద్దాలు వచ్చాయి. మెంతికూర తుంచుతూ నన్ను గుర్తుపట్టి, "అరే, మొలకలొచ్చినయారా?" అని నవ్వింది. ఆ నవ్వుకు నా ధైర్యం సగం పోయింది. వెక్కిరించే పిల్లల గురించి, నా వయసు గురించి, భయం గురించి చుట్టూ తిప్పి తిప్పి ఏదేదో చెప్పుకుపోయాను. సారు ఎలాంటి మనిషి కోసం వెతికారో కూడా చెప్పేశాను. అప్పుడు మాత్రం ఆమె చేతిలోని మెంతికాడ ఆగిపోయింది.

అక్క ఆ కాడను పక్కన పెట్టింది. తరువాత మెల్లగా అంది. "గిన్ని దారాలెందుకురా తమ్మీ. ఎవలు? ఏం జేసిండు?"

మా అమ్మాయి నా మొహంలోకి చూస్తోంది.

"నేనక్కా," అన్నాను. "అబద్ధం చెప్పిన. నన్ను మాఫ్ చెయ్యి."