లోయ వైపు కిటికీ

రేవుపట్నం వాల్పరాయిసోలో కొండమీద ఇళ్లు కాలిపోయిన మరుసటి ఏడాది, కొత్త ఇళ్లకు నమూనాలు వేసుకోమని పేట హాల్లో ఒక బల్ల పెట్టారు. గీతలూ కొలతలూ రానివాళ్ల కోసమే ఆ బల్ల. గదికో చెక్కదిమ్మ, తలుపులకూ కిటికీలకూ చిన్న ముక్కలు. దిమ్మను జరిపితే పైనున్న కెమెరా చూస్తుంది, ఎదుటి గోడమీద ఇల్లు బొమ్మకడుతుంది. పెట్టకూడని చోట పెడితే బల్ల ఎర్రగా వెలుగుతుంది.

ఎర్మెలిండా భర్తను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఎవారిస్తో వయసంతా రేవులో మూటలు మోశాడు. మంటల తర్వాత ఆయనకు మతి నిలవడం లేదు. అద్దె గదిలో మరుగుదొడ్డికి దారి దొరక్క ఏడుస్తున్నాడు. పాత ఇంటిని ఉన్నదున్నట్టు కట్టిస్తే ఆయన కాళ్లకైనా గుర్తుంటుందని ఆమె ఆశ. ఆ ఇంట్లో తాను కూడా గుర్తొస్తానేమోనన్నది పైకి చెప్పుకోని ఆశ.

"ముందు పడకగది పెట్టండమ్మా" అంది బల్ల దగ్గరి అమ్మాయి యస్నా.

ఎర్మెలిండా దిమ్మ తీసి పెట్టబోయింది. ఎవారిస్తో చెయ్యి అడ్డం పెట్టాడు.

"అక్కడ కాదు."

ఆ మొద్దువేళ్లు ఎక్కడా తడబడలేదు. పడకగది, పక్కన మరుగుదొడ్డి, చివర వంటిల్లు. కాలిపోయిన ఇల్లు గోడమీద మళ్లీ నిలబడింది.

"తాతగారు నా ఉద్యోగానికే ఎసరు పెట్టేలా ఉన్నారే!" అని నవ్వింది యస్నా.

ఆఖరున తలుపు ముక్కను వంటింటికి లోయ వైపు పెట్టాడు. బల్ల ఎర్రబడింది.

"అటు వద్దు తాతగారూ. లోయలోంచి పైకొచ్చే ఆ చెక్కమెట్లు కాలిపోయాయి. గుమ్మం దిగితే బారెడు నేల, ఆ తర్వాత లోయే. వీధివైపు పెడదాం."

ఎర్మెలిండా ఆ ముక్క తీయబోయింది. ఆయన ఆమె మణికట్టు పట్టుకున్నాడు, మర్యాదగానే.

"అమ్మగారూ, ఆ తలుపు జరపకండి. మా ఆవిడ చేపలు కొనుక్కుని ఆ మెట్ల మీదుగానే వస్తుంది. తలుపు లేకపోతే వెనక్కి వెళ్లిపోతుంది."

యస్నా నవ్వు ఆగిపోయింది.

"ఎలా ఉంటుందండీ మీ ఆవిడ?" అని అడిగింది ఎర్మెలిండా.

"నోరు పెద్దది. మీలా నెమ్మదస్తురాలు కాదు."

ఎర్మెలిండా తలుపును వీధివైపు పెట్టింది. లోయ వైపు ఒక కిటికీ ఇమ్మంది. దానికి బల్ల ఒప్పుకుంది.

కొత్త ఇంట్లో ఆయన మరుగుదొడ్డికి ఒక్కడే వెళ్తున్నాడు. చీకట్లో కూడా గోడ తడుముకోవడం లేదు. భార్యను మాత్రం "మీది ఏ వీధి, అమ్మగారూ?" అని అడుగుతూనే ఉన్నాడు. సాయంత్రమైతే కిటికీ వదలడు.

ఒకనాడు బజారు నుంచి వచ్చిన ఎర్మెలిండా వీధిగుమ్మం ఎక్కకుండా, గోడ పట్టుకుని వెనకవైపుకు నడిచి కిటికీ ముందు నిలబడింది.

"ఏమే, ఇంత ఆలస్యమా? చేప తాజాదేనా?"

"నీకంటే తాజాదే, ముసలోడా!"

ఆయన పగలబడి నవ్వాడు. ఆమె సంచీ అందించి, గబగబా చుట్టూ తిరిగి లోపలికి వచ్చింది.

ఆయన సంచీ ఎత్తి చూపించాడు. "ఇప్పుడే ఇచ్చి వెళ్లింది మా ఆవిడ. కాస్త ముందొచ్చుంటే చూసేవారు."

ఆ తర్వాత ఆమె లోపలికి రావడానికి తొందరపడటం మానేసింది. సముద్రపు గాలి ఈడ్చికొడుతుంటే గోడకు ఆనుకుని బయటే నిలబడుతుంది.

"లోపలికి రావే, చలికి కొయ్యబారిపోతావ్."

"వస్తాలే. నువ్వు చెప్పు."