గొంతు స్కానింగుకు రెండు సీసాల నీళ్లు

“మింగు అవ్వా,” అన్నది డాక్టరమ్మ.

మా పెద్దమ్మ గుటక వేసింది. మెడ కింద ఎముక వెనక అంతసేపూ దాక్కున్నదేదో ఆ గుటకతో పాటు పైకి లేచి, తెర మీద నల్లగా కనిపించి, మళ్లీ జారిపోయింది. ఇంకో గుటక. మళ్లీ లేచింది. చింతగింజంత ఉంది. డాక్టరమ్మ బొమ్మను అక్కడే ఆపి, ఈ చివరా ఆ చివరా గుర్తులు పెట్టి కొలిచింది.

“దొరికిందా దొంగ?” అన్నది పెద్దమ్మ, తల వెనక్కి వాల్చుకునే.

“దొరికింది. మాట్లాడకు, మళ్ల పారిపోతది.”

ఇది 2012 ఎండాకాలంలో, కామారెడ్డిలో. అంతకు పది రోజుల ముందు ఇదే బల్ల మీద, ఇదే మెడలో ఏమీ కనిపించలేదని రిపోర్టు వచ్చింది. తప్పు యంత్రానిది కాదు, డాక్టరమ్మది అంతకన్నా కాదు. పెద్దమ్మదీ, నాదీ.

పెద్దమ్మది లింగంపేట. బీడీలు చుట్టేది. మూడేళ్లలో మూడుసార్లు కిడ్నీలో రాళ్లు పడ్డాయి. ఒళ్లో పెట్టుకునే బీడాకుల చాట పక్కన పెట్టి లేవాలంటే గోడ పట్టుకోవాలి. “పొద్దంత కూసునే పనాయె, నడుము నొయ్యక ఏం జేస్తది?” అని వాడకట్టు ఎప్పుడో తేల్చేసింది. ఆఖరికి గడప తట్టుకుని పడితే కుడి మణికట్టు విరిగింది. అంత చిన్న దెబ్బకు ఎముక ఎందుకు విరగాలని అనుమానించినవాడు ఎల్లారెడ్డిలో కట్టు కట్టిన కుర్ర డాక్టరు. రక్తపరీక్ష చేయిస్తే కాల్షియం ఎక్కువగా ఉంది.

“ఎక్కువుంటే మంచిదే గద సారూ, బొక్కలు గట్టిగుంటయ్,” అన్నది పెద్దమ్మ.

“బొక్కలల్ల ఉండేది తీసి రక్తంల పోస్తున్నదవ్వా. గందుకే రాళ్లు, గందుకే చెయ్యి ఇరిగింది.”

గొంతులో థైరాయిడ్ వెనక గింజలంత గ్రంథులు నాలుగుంటాయనీ, వాటిలో ఒకటి బలిసి ఈ పని చేస్తున్నట్టుందనీ, అది ఎటు వైపుందో స్కానింగులో తెలిస్తే చిన్న కోతతో తీసేయవచ్చనీ చెప్పాడు. తీయకపోతే ఈసారి తుంటి ఎముక విరగవచ్చు. ఆ మాటకు పెద్దమ్మ నవ్వలేదు. బయటికొచ్చాక మాత్రం, పేపర్లో పనిచేసే నన్ను పట్టుకుంది.

“నొచ్చేది నడుము, జూసేది గొంతు. నీ పేపర్ల గూడ గిట్లనే రాస్తరా కొడుకా?”

స్కానింగంటే ఏమిటో పెద్దమ్మకు నేర్పాల్సిన పని లేదు. రాళ్ల కోసం కడుపు స్కానింగు మూడుసార్లు చేయించుకున్న అనుభవం. నీళ్లు బాగా తాగాలి, మూత్రం ఆపుకోవాలి. “తాగాలె గద?” అని అడిగితే “తాగు” అన్నాను. ఏ వార్తయినా ఇద్దరిని అడిగి గానీ రాయవద్దని కొత్త విలేకరులకు చెప్పేవాణ్ని. ఆ రోజు ఒక్కరిని కూడా అడగలేదు.

లింగంపేటలో బస్సెక్కి రెండు సీసాలు తాగింది. రోడ్డు మీద గుంతలు ఎన్ని ఉన్నాయో ఆ రోజు పెద్దమ్మకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. స్కానింగు సెంటర్లో అందరూ నిండు గర్భిణులు. పక్కనున్న అత్తగారొకామె, “మీ కోడలేది?” అని అడిగింది.

“నేనే పేషెంటు. ఆడో మొగో చెప్పరట, బోర్డు పెట్టిండ్రు. ఏదైనా మంచిదే,” అన్నది పెద్దమ్మ పళ్లు బిగబట్టి. నవ్వితే ప్రమాదం మరి.

భుజాల కింద దిండు పెట్టి, తల వెనక్కి వాల్చి, కదలకుండా పడుకొమ్మన్నారు. రెండు నిమిషాలు పడుకుంది. గుటక వేయమంటే, “ఇంక ఏసేటందుకు జాగ లేదు బిడ్డా,” అని లేచి, మెడకు పూసిన జెల్లుతోనే బాత్‌రూం వైపు పరుగెత్తింది. గోడ పట్టుకోకుండా పెద్దమ్మ లేవడం ఏడాదిలో నేను అప్పుడే చూశాను. తిరిగొచ్చేసరికి గదిలో వేరే పేషెంటు ఉంది. బస్సుకు టైమైందని పెద్దమ్మ మళ్లీ పడుకోనన్నది. ఆ రెండు నిమిషాల్లో చూసినంత వరకు ఏమీ కనిపించలేదని రాసిచ్చారు.

ఆ కాగితం చూసి ఎల్లారెడ్డి డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న: “గొంతు స్కానింగుకు నీళ్లు తాగుమన్నదెవ్వరు?”

పెద్దమ్మ కట్టున్న చేత్తోనే నన్ను చూపించింది.

రెండోసారి దొరికిన చింతగింజను హైదరాబాద్‌లో తీసేశారు. కోత వేలెడు కూడా లేదు. కాల్షియం దిగింది, మణికట్టు అతికింది, పెద్దమ్మ మళ్లీ చాట ముందు కూర్చుంది. “కడుపు స్కానింగుకు తాగాలె, గొంతుకు తాగద్దు. మావోనికి గిది పేపర్ల రాసుడు రాదు,” అని వాడకట్టులో అందరికీ చెప్పేది.

అయితే ఆ రెండో స్కానింగులోనే ఎడమ వైపు శనగగింజ కన్నా చిన్నది ఇంకొకటి కనిపించింది. ఆపరేషన్‌లో దాని జోలికి పోలేదు. ఏడాదికోసారి చూడమన్నారు. 2014లో చూసినప్పుడు అది పెరగలేదు, తగ్గనూ లేదు. కాల్షియం మాత్రం పై హద్దు దాటకుండా, దానికి కొంచెం ఇవతలే ఆగింది. ఆ ఎడమ వైపుది బలుస్తున్న ఇంకో గ్రంథో, మెడలో అందరికీ మామూలుగా ఉండే లింఫు బిళ్లో ఇప్పటికీ తేలలేదు.