చొక్కాల్లేని చావులు

ఆ పుస్తకంలో మొదటి పేజీలోనే ఒక మనిషి చచ్చిపోతాడు. సుత్తి దెబ్బకి కణత లోపలికి నొక్కుకుపోయి, కన్ను గూట్లోంచి జారి చెంప మీదికి వస్తుంది. రెండో అధ్యాయంలో ఇంకొకడు. మెడ చుట్టూ ఇనుపతీగ బిగించి లాగితే అది చర్మంలోకి దిగి కనబడకుండా పోయిందట, చంపడం కంటే ఆ తీగని వెతికి తీసుకోవడానికే ఎక్కువసేపు పట్టిందట. కిరాయికి మనుషుల్ని చంపి బతికానని తనంతట తానే చెప్పుకున్న ఒక ముసలాయన ఆత్మకథ అది. ఆ రోజుల్లో బస్సులో, సెలూన్లో, ఎవరి చేతిలో చూసినా అదే. నమ్మేవాళ్లు సగం, నవ్వేవాళ్లు సగం. నేను ఎటూ తేల్చుకోకుండా చదువుతూ పోయాను. నాలుగో అధ్యాయం దగ్గర ఆగిపోయాను.

అందులో చచ్చిపోయేది మా అన్నయ్య.

అన్నయ్యంటే పెదనాన్న కొడుకు. బస్సు కండక్టరు. పోయి ఇరవై ఏళ్లు దాటింది. డిపో వెనక అరిగిపోయిన టైర్లు గుట్టగా పోసిన చోట, పొద్దున్నే బస్సులు కడిగేవాళ్లకి కనిపించాడు. మెడ పక్కన ఒక పోటు. ఎడమవైపు పక్కటెముకల మధ్య రెండు. కుడి అరచెయ్యి బొటనవేలి మొదట్లో ఎముక దాకా తెగిపోయి ఉంది, కత్తిని చేత్తో పట్టుకున్నాడు కాబోలు. పోట్ల సంగతి పేపర్లలో వచ్చింది. చెయ్యి సంగతి ఏ పేపర్లోనూ రాలేదు. పుస్తకంలో ఆ చెయ్యి ఉంది.

నేను పుస్తకం పట్టుకుని వదిన దగ్గరికి వెళ్లాను.

వదిన గురించే అసలు నేను రాయాలనుకున్నది. వదిన టైలరు. పెళ్లికి ముందే నేర్చుకుంది. అన్నయ్య పోయాక అదే బతుకైంది. ఇంటి ముందుగది కొట్టు, వెనకగది ఇల్లు. మధ్యలో తలుపు లేదు, కుట్టగా మిగిలిన ముక్కలతో తనే కుట్టుకున్న కర్టెన్ ఒకటి. టేపు మెళ్లో ఉంటుంది గానీ దానితో పెద్దగా పని లేదు. మనిషి గుమ్మం ఎక్కుతుండగానే కొలత కళ్లకి దొరికిపోతుంది. "కిందటిసారి కంటే ఒళ్లు చేశారు, గుడ్డ చాలదు, ఇంకో అరమీటరు తెచ్చుకోండి" అని మొహం మీదే చెప్పేస్తుంది. కోపం తెచ్చుకుని వెళ్లినవాళ్లు కూడా గుడ్డ కొనుక్కుని తిరిగొస్తారు.

ఆమెకి ఒక్కడే తమ్ముడు. వెల్డింగు పని. అక్కాబావల దగ్గరే పెరిగాడు. తాగుడు మరిగాడు. ఒక సాయంత్రం అన్నయ్య వాణ్ణి నడివీధిలో నలుగురూ చూస్తుండగా చెంప పగిలేలా కొట్టాడు. వాడు అన్నయ్య కాలర్ పట్టుకుని గుంజి, "నిన్ను చంపకపోతే చూడు" అని అరిచాడు. వీధి వీధంతా విన్నది. మర్నాడు టైర్ల గుట్ట.

పోలీసులు వాణ్ణి కాళ్లకి తాడేసి తలకిందులుగా వేలాడదీశారు. అరికాళ్లు చితికి నల్లగా ఉబ్బాయి. రెండు చేతివేళ్లకి గోళ్లు లేకుండా వచ్చాడు కోర్టుకి. ఒప్పుకోలేదు. సాక్ష్యం చాలదని వదిలేశారు. కోర్టు వదిలింది గానీ వీధి వదల్లేదు. వాడి వెల్డింగు కొట్టు షట్టరు మీద రాళ్లు పడ్డాయి, గ్యాసు గొట్టం కోసేశారు. వాడు తిన్నగా అక్క గుమ్మానికి వచ్చాడు. వదిన చేతిలో ఇస్త్రీపెట్టె ఉంది. విసిరేసింది. కనుబొమ్మ మీద కాలి, చీలి, ఎముక తెల్లగా కనబడింది. ఆ మచ్చతోనే ఇన్నేళ్లూ అదే వీధి చివర వెల్డింగు చేసుకుంటున్నాడు. ఆమె ఇటు, వాడు అటు. నాకూ వాడితో మాటల్లేవు.

ఇప్పుడు ఎవడో ముసలాయన, చంపింది నేనే అంటున్నాడు.

వదిన మిషను దగ్గరే కూర్చుని చదివింది. తొక్కుతున్న కాలు ఆగిపోయింది. అన్నయ్య చావు చదివింది. వెనక్కి తిప్పి సుత్తివాణ్ణి చదివింది, తీగవాణ్ణి చదివింది, ముందుకి తిప్పి నీళ్లలో ముంచి చంపినవాణ్ణి చదివింది. వాడి ఊపిరితిత్తుల్లోంచి నురగ ఎలా వచ్చిందో కూడా రాశాడాయన.

"ఇంతమందిని చంపాడు కదా," అంది చివరికి, "ఒక్కడి ఒంటి మీదా గుడ్డ లేదేంటి?"

నాకు అర్థం కాలేదు.

"చూడు నువ్వే. రక్తం ఉంది, ఎముక ఉంది, పేగులున్నాయి. కత్తి దిగిందంటాడు. దేంట్లోంచి దిగింది? చొక్కా లేదు, బనీను లేదు, స్వెట్టరు లేదు. అందరూ స్నానాలగదిలోనే చచ్చారా?"

అప్పుడు తిరగేస్తే నాకు ఇంకోటి కనబడింది. చచ్చేముందు ఎవడూ ఏమీ అనలేదు. తిట్టలేదు, బతిమాలలేదు. అందరూ వెల్లకిల పడుకుని, నోరు మూసుకుని చచ్చిపోయారు.

"అయినా ఆ చెయ్యి ఎలా తెలిసింది వదినా?"

"అదే అడుగుదాం పద."

ఆయన ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. మేడమీద ఒంటిగది. గోడ వారగా పుస్తకాల కట్టలు, కిటికీలో ఆయన తెల్లచొక్కాలో కుర్చీ మీద కూర్చుని ఉన్న పెద్ద ఫోటో. కోడలు మెట్ల దగ్గరే అడ్డం తగిలింది.

"హంతకుడుగారి కోసమా? పైన ఉన్నారు. బొద్దింకని చూస్తే మంచం ఎక్కే మనిషండీ మా మామయ్య. భయపడకండి, వెళ్లండి."

పెద్దాయన మమ్మల్ని కూర్చోమన్నాడు. సన్నటి మనిషి. వేళ్లు పొడుగ్గా, శుభ్రంగా ఉన్నాయి. సంతకం చెయ్యడానికి పెన్ను కూడా తీశాడు.

వదిన పుస్తకం ముందు పెట్టలేదు. "డిపో వెనక కండక్టర్ని చంపానని రాశారు కదండీ. ఆయన భార్యని నేను," అంది. "ఆ రోజు ఆయన ఏ చొక్కా వేసుకున్నాడు?"

పెద్దాయన పెన్ను మూత పెట్టాడు.

"చీకటమ్మా."

"చీకట్లో అరచెయ్యి ఎముక దాకా తెగడం కనబడిందా? గళ్లచొక్కా కనబడలేదా? నేనే కుట్టాను. గుడ్డ చాలక జేబు అడ్డంగా పెట్టాను, గళ్లు కలవలేదు. ఎవరు చూసినా ముందు అదే చూస్తారు. పోనీ, చచ్చేముందు ఏమన్నాడు?"

ఆయన కిటికీలో ఉన్న తన ఫోటో వంక చూశాడు.

"పోలీసులు కూడా వచ్చారమ్మా," అన్నాడు. "నవ్వి, టీ తాగి పోయారు. ఇంత సూటిగా వాళ్లు అడగలేదు." తర్వాత గొంతు తగ్గించి, "పెద్దాసుపత్రిలో మార్చురీ పని నాది. డాక్టరు కోసి చూసి వెళ్లిపోతాడు. తిరిగి కుట్టేది నేను. నా దగ్గరికి వచ్చేసరికి బట్టలు విప్పి మూటకట్టి పోలీసులు పట్టుకుపోతారు. కడిగి బల్ల మీద పడుకోబెడితేనే నేను లోపలికి వెళ్లేది."

"మరి చంపానని ఎందుకు రాశారండీ?" అన్నాను నేను.

"ఉద్యోగం చేసినన్నాళ్లూ నా పక్కన కూర్చుని ఎవడూ టీ తాగలేదు. పెళ్లికి పిలిస్తే చివర కుర్చీ. చెయ్యి ముందుకి చాస్తే వెనక్కి తీసుకునేవాళ్లు. శవాలు కుట్టేవాడి కథ రాసి పట్టుకెళితే ప్రింటింగ్ ప్రెస్సాయన మొదటి పేజీ కూడా తిప్పలేదు. చంపేవాణ్ణని రాశాను. ఇప్పుడు భుజం మీద చేతులేసి ఫోటోలు తీసుకుంటున్నారు."

చెప్పి, వదిన కొడుతుందనుకున్నాడో ఏమో, కాస్త వెనక్కి జరిగాడు. వదిన చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

"ఆయన్ని మీరే కుట్టారా?"

"కుట్టానమ్మా."

"ఎలా కుట్టారు?"

"మామూలుగా అయితే దూరం దూరంగా వేసి ముడేస్తాం. కాటికి పోయేదానికి అంతకంటే ఎందుకంటారు. ఆయనకి దగ్గర దగ్గరగా వేశాను. బయట భార్య ఉంది, చూస్తానని పట్టుబడుతోందని చెప్పారు. చెయ్యి తెగినచోట కూడా వేశాను. ఆ చెయ్యి కుట్టక్కర్లేదు అసలు."

వదిన తలూపింది. ఆ కుట్టు ఆమె చూసింది. దారిలో నాతో అంది, "అప్పుడే అనుకున్నాను, ఎవడో పని తెలిసినవాడు కుట్టాడని."

ఇంటికి వచ్చేసరికి గుమ్మం ముందు తమ్ముడు నిలబడి ఉన్నాడు. జుట్టు నెరిసింది. కనుబొమ్మ మీద మచ్చ. చేతిలో అదే పుస్తకం. అట్ట మీద గ్రీజు మరకలు. గుమ్మం ఎక్కలేదు, కింద వీధిలోనే నిలబడ్డాడు.

"చదివావా అక్కా?"

"చదివాను. ఆయన దగ్గరికి వెళ్లి కూడా వస్తున్నాను. అబద్ధంరా. ఆయన ఎవర్నీ చంపలేదు. శవాల్ని కుట్టేవాడు."

పుస్తకం పట్టుకున్న చెయ్యి కిందికి జారింది. వెళ్లిపోతాడనుకున్నాను.

"ఆగు," అంది వదిన. "పోలీసులు అడిగారు, లాయరు అడిగాడు, జడ్జి అడిగాడు. నేను అడగలేదు నిన్ను. ఇప్పుడు అడుగుతున్నాను. కోర్టులో అబద్ధం చెప్పావు నువ్వు. నీ మొహం చూస్తేనే తెలిసిపోయింది నాకు. ఏంటది?"

వాడు పుస్తకం చంకలో పెట్టుకున్నాడు.

"గొడవయ్యాక బావని మళ్లీ చూడలేదని చెప్పాను. అది అబద్ధం. చూశానంటే ఉరే అన్నాడు లాయరు. బావే వచ్చాడక్కా కొట్టు దగ్గరికి, డ్యూటీ లేకపోయినా డిపోకి వెళ్తూ. నేను మాట్లాడలేదు. పక్కన కూర్చున్నాడు. కాలర్ చూపించి, 'గుండీ ఊడబీకావు కదరా, మీ అక్క చూసిందంటే నా తోలు తీసి దానికి కూడా గుండీలు కుడుతుంది. నువ్వే చెప్పుకో, నాకు సంబంధం లేదు' అన్నాడు. నవ్వొచ్చింది. నవ్వాను. నా బుగ్గ తడిమి, 'గట్టిగా తగిలిందా' అన్నాడు. వెళ్లిపోయాడు. అంతే."

వదిన కర్టెన్ పక్కకి జరిపి లోపలికి వెళ్లింది. ట్రంకుపెట్టె మూత తీసిన చప్పుడు. కేసయ్యాక పోలీసులు తిరిగిచ్చిన చొక్కా పట్టుకొచ్చింది. రక్తం ఎండి ముదురు గోధుమరంగు అట్టలా అయింది. పక్కన రెండు చీలికలు. అడ్డం జేబు. పై గుండీ లేదు, దారం పోగులు మాత్రం ఉన్నాయి. చంపేవాడితో పెనుగులాడినప్పుడు ఊడిందని ఇన్నేళ్లూ అనుకుంది. చంపినవాడి మొహం తలుచుకున్నప్పుడల్లా తమ్ముడి మొహమే వచ్చేది ఆమెకి.

నేను నిజాయితీగా చెప్పాలంటే, గుండీ ఊడడం వీధిలో కాలర్ గుంజినప్పుడే వాడు చూసి ఉండొచ్చు. దాని చుట్టూ ఏ కథైనా అల్లవచ్చు. కానీ తోలుకి గుండీలు కుట్టే మాట అల్లడం ఎవరివల్లా కాదు. అది అన్నయ్య మాట. ఆ గొంతు విన్నాను నేను, వాడి నోట్లోంచి, ఇరవై ఏళ్ల తర్వాత.

వదిన కూడా విన్నది. చొక్కా ఒళ్లో పెట్టుకుని మిషను ముందు కూర్చుంది. చంపింది ఎవరో ఈరోజుకీ తెలీదు. ఆ సంగతి ఆమె ఎత్తలేదు. గుండీల డబ్బా దించి, వేలితో కెలుకుతూ వెతికింది.

"ఇంత మాట చెప్పడానికి ఇన్నాళ్లు పట్టిందేంట్రా," అంది తలెత్తకుండా.

"ఇస్త్రీపెట్టె విసిరావు కదక్కా."

"ఇప్పుడు చేతిలో లేదుగా. లోపలికి రా. ఈ సూదిలో దారం ఎక్కించు, నాకు కళ్లు ఆనడం లేదు."

వాడు చెప్పులు విప్పాడు. గోళ్లు వంకరగా మొలిచిన వేళ్లతో దారం అందుకున్నాడు.